లా పాజ్ టూర్‌పై ఫిర్యాదు

టూర్ కంపెనీ మేనేజర్ గారికి,

అయ్యా,

మీ ద్వారా దక్షిణ అమెరికా టూర్‌కి వెళ్ళి నేనూ మా ఆవిడా గత వారమే విజయనగరం చేరుకున్నాం. మిగతా ఊళ్ళలో ఇబ్బందేం లేదు. బొలీవియాలోని లా పాజ్ గురించే ఈ ఉత్తరం.

మాకు తెలిసిన ఎత్తు అరకు, సుమారు 900 మీటర్లు. లా పాజ్ విమానాశ్రయం 4,000 మీటర్లకి పైన ఉంది. కిందికి దిగి ఊళ్ళోకి వచ్చినా 3,600 మీటర్లే. అక్కడ గాలి పలచన. మొదటి రోజు విశ్రాంతిగా ఉండాలని, బయల్దేరే ముందే డాక్టర్ని అడిగి మాత్రలు తెచ్చుకోవాల్సిందని మాకు చెప్పింది అక్కడి హోటల్ అమ్మాయి. మీరిచ్చిన కాగితంలో స్వెటర్లు తెచ్చుకోమని తప్ప ఒక్క ముక్క లేదు. పైగా దిగిన రోజు మధ్యాహ్నమే మూడు గంటల నడక పెట్టారు. ఆ ఊళ్ళో వీధులన్నీ ఎత్తుపల్లాలే. రామతీర్థం కొండ మెట్లు ఆగకుండా ఎక్కే మా ఆవిడ, అక్కడ నలభై మెట్లకే తల పట్టుకుని కూలబడిపోయింది. వాంతులు. మీ గైడ్ మిగతావాళ్ళతో ముందుకెళ్ళిపోయాడు. నాకు భాష రాదు. ఆ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. పళ్ళమ్ముకునే ఒకావిడ ట్యాక్సీ ఆపి ఎక్కించింది. హోటల్లో ఆక్సిజన్ పెట్టాక గానీ తేరుకోలేదు.

ఇక రెండోది. ఊళ్ళో తిరగడానికి వేరే దారి లేదని చెప్పి, కారుకని మా దగ్గర 18,000 రూపాయలు అదనంగా తీసుకున్నారు. కానీ 2014 నుంచి అక్కడ కేబుల్ కార్లు (రోప్‌వే) నడుస్తున్నాయి. పది లైన్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు పేరు. టికెట్ కొద్ది బొలివియానోలే (అక్కడి డబ్బు). రంగు చూసి ఎక్కడమే కాబట్టి స్పానిష్ రాకపోయినా పర్వాలేదు. మినీబస్సులూ ఉన్నాయి, మన ఆటోవాళ్ళు 'కోట జంక్షన్, కోట జంక్షన్' అని పిలిచినట్టే కేకేస్తారు గానీ కొత్తవాళ్ళకి ఆ పేర్లు అర్థం కావు. ఆఖరి రోజు మేమే ధైర్యం చేసి ఎర్ర లైను ఎక్కాం. పది నిమిషాల్లో పైనున్న ఎల్ ఆల్టో ఊళ్ళో ఉన్నాం. కింద ఇటుక రంగు ఇళ్ళు, దూరంగా ఇల్లిమాని మంచు కొండ. మా ఆవిడ ఆయాసపడకుండా ఆ ఊరు చూసింది ఆ ఒక్క పూటే.

కారు డబ్బు 15 రోజుల్లో తిరిగివ్వండి. లేకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. డబ్బుకన్నా ముఖ్యంగా, డిసెంబరులో వెళ్ళే మీ బ్యాచ్‌లో మా వీధివాళ్ళు ఇద్దరున్నారు. ఒకాయనకి గుండె ఆపరేషన్ అయింది. ఎత్తు సంగతి, డాక్టర్ సంగతి రాసి, మొదటి రోజు నడక తీసేసిన కొత్త కాగితం ఈ వారంలోనే వాళ్ళకి పంపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
విజయనగరం