చెవి మిషన్ గురించి కాదు, ఊరికే రాస్తున్నా

బిడ్డా శ్రావ్యా,

మంచిగున్నావా? ఇక్కడ నాలుగు రోజులుగా ఒకటే ముసురు. అవ్వకు మోకాళ్ళు మళ్ళీ పట్టుకున్నాయి, అయినా ఫ్రీ బస్సే కదా అని మొన్న జనగామ పోయి చిన్నమ్మను చూసి వచ్చింది. దుకాణంలో యూనిఫారాల పని అయిపోయి బతుకమ్మ బ్లౌజులు మొదలయ్యాయి. పదకొండు రోజులుగా నువ్వు వాట్సాప్‌లో బొటనవేలు తప్ప ఏదీ పంపడం లేదు, వీడియో కాల్ చేస్తే ఎత్తడం లేదు. అందుకే పొడుగ్గా రాస్తున్నా, దీనికి కూడా బొటనవేలు పెట్టావంటే చూడు మరి.

రమేశ్ బావ ఆదివారం వచ్చాడు. కాజీపేట స్టేషన్‌లో నిన్ను చూశాడట, దోస్తులతో నిలబడి రెండు చేతులతో జోరుగా మాట్లాడుతున్నావట, నవ్వుతున్నావట. కాజీపేట దాకా వచ్చి మట్టెవాడకు రాలేదేమని నేను అడగను, రైలు మారడానికి దిగి ఉంటావు. కానీ రెండు చెవులూ ఖాళీగా ఉన్నాయన్నాడు. జుట్టు అడ్డం వచ్చి కనిపించలేదేమో అన్నాను. జడ వేసుకుంది మామా అన్నాడు. వాడికెందుకు అంత వివరం!

సరే, అది వదిలెయ్. హాస్టల్లో అన్నం ఎట్లా ఉంది? రాత్రి పెరుగు వేసుకో. వానాకాలం కాబట్టి మిషన్‌కు చెమ్మ తగులుతుంది, రాత్రిపూట ఆ తెల్ల గుళికల డబ్బాలో పెడుతున్నావా? చెవిలో దూర్చే మోల్డు సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరాకే తగిలించు. బ్యాటరీ స్టిక్కర్ పీకగానే పెట్టకు, ఒక్క నిమిషం గాలి తగలనియ్. మోల్డు వదులై కీచుమంటోందేమో, అది చేయించి రెండేళ్ళు దాటింది కదా. అదే కారణమైతే చెప్పు, డబ్బులు పంపిస్తా.

నిన్న బీరువా సర్దుతుంటే నీ మొదటి సంచి దొరికింది. అదే, క్యాంపులో ఇచ్చిన పెట్టె మిషన్‌కు కుట్టినది. నీకు నాలుగేళ్ళు. పెన్సిల్ సెల్లు వేసి, తీగ చెవిలోకి పోయి, పెట్టె రొమ్ము మీద వేలాడేది. దర్జీ బిడ్డకు సంచి కొనడమేమిటని నేనే కుట్టాను, యూనిఫారం గుడ్డ మిగిలితే దానితో. మంచి గట్టి గుడ్డ, పైన నాలుగు కుట్లు. నువ్వు పెట్టుకున్న పది నిమిషాలకే పీకి పారేశావు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పారేశావు. మూడోసారి వీపు మీద ఒకటి వేశాను కూడా. ఆ రాత్రి నువ్వు పడుకున్నాక, ఎందుకు ఇంత మొండితనం అనుకుంటూ తీగ చివరి బిళ్ళను నా చెవికి నొక్కిపెట్టి, చప్పుడు పెంచే చక్రం తిప్పాను. అమ్మో! పెట్టె కదిలినప్పుడల్లా ఆ గట్టి గుడ్డ మైకుకు రాసుకుని ఖరఖరమని రంపంతో కోసినట్టు. ఫ్యాను ఒక లారీ, బయట పోయే లారీ ఇంకో పది లారీలు, అవ్వ గిన్నె కింద పెడితే పిడుగు. మిషన్ పెడితే మాట వినిపిస్తుందని అనుకున్నాను కానీ, మాట ఎంత పెద్దదవుతుందో చప్పుడూ అంతే పెద్దదవుతుందని నాకెవరూ చెప్పలేదు. అప్పుడే కూర్చుని మెత్తటి మల్లు గుడ్డతో, మైకు దగ్గర రంధ్రం వదిలి, భుజాల మీద పట్టీలతో ఇంకోటి కుట్టాను. అది మాత్రం నువ్వు పారేయలేదు.

బడిలో వేశాక మీ టీచరమ్మ అది చూసి పిల్లలందరికీ కావాలంది. ఇరవై మూడు సంచులు, రెండు రాత్రులు, ఎవరిది వాళ్ళకు తెలియాలని ఒక్కోదానికి ఒక్కో రంగు గుండీ. ఇవ్వడానికి పోతే గేటు దగ్గర ఒక పిల్లవాడు నన్ను చూసి కాలు నేలకేసి కొట్టాడు, అందరూ తిరిగారు, వాడు మెడ చుట్టూ టేపు వేసుకున్నట్టు చేసి చూపించాడు. ఆ రోజు నుంచి ఆ బడిలో నా పేరు అదే. ఊళ్ళో అందరూ దాన్ని మూగబడి అంటారు గానీ, మధ్యాహ్నం అన్నాల గంటలో మీరు కొట్లాడుకుంటుంటే చూడాలి, మూగ ఎక్కడిది!

ఆ బడికి ముందు ఏడాది మాత్రం నాకు గుర్తు చేసుకోబుద్ధి కాదు. సైగలు చేస్తే మాటలు రావన్నారు, చేతులు పట్టుకోమన్నారు. నేను పట్టుకున్నాను. నోటి ముందు కాగితం ముక్క పెట్టి అది ఎగిరేదాకా నీతో ప అనిపించాను. పెదవుల మీద ప, బ, మ ఒక్క తీరుగానే ఉంటాయని, పాప అన్నా మామ అన్నా నీకు ఒకటేనని తెలియక అరిచాను. నిరుడు నువ్వు పాఠంలో చదివి చెప్పావు కదా, 1880లో మిలాన్‌లో బడి పంతుళ్ళు 164 మంది కూడి సైగలు వద్దని తీర్మానం చేశారని, అందులో చెవిటివాడు ఒక్కడేనని. నువ్వు చెప్పి నవ్వావు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎక్కడి ఇటలీ, ఎక్కడి మట్టెవాడ, నీ చేతులు పట్టుకున్నవి నా చేతులే కదా.

అందుకని సైగలు మానమని చెప్తున్నానని అనుకోకు. నువ్వు రేపు అవే నేర్పే టీచరువి అవుతావు. ఢిల్లీ వాళ్ళ సైగల నిఘంటువు 2021లో 10,000 మాటలకు పెరిగిందన్నావు కదా, యూట్యూబ్‌లో నేనూ చూస్తున్నా. నీ పేరేమిటి అనాలంటే ఏమిటి అనేది చివర వస్తుందట, మన తెలుగు తీరే. అవ్వ నవ్వుతోంది, నా వేళ్ళు సూది పట్టి బిగుసుకుపోయాయి. మిషన్ సంగతి వేరు. రోడ్డు దాటేటప్పుడు హారన్, ప్లాట్‌ఫాం మీద రైలు, కొంచెమైనా తెలుస్తుంది కదా. సర్కారు ఉద్యోగాల్లో 2016 చట్టం ప్రకారం వికలాంగులకున్న 4 శాతంలో 1 శాతం మీకే, నోటిఫికేషన్లు చూస్తున్నావా? వికలాంగుల కార్డు కాపీలు దగ్గర పెట్టుకో. చూడు, లెక్చర్ ఇవ్వొద్దని అనుకునే మొదలుపెట్టాను.

తలనొప్పి వస్తుందా మిషన్‌తో? నాకు అర గంటకే వచ్చింది, నువ్వు పదహారేళ్ళు మోశావు. వద్దనుకుంటే వద్దని చెప్పు. బావ నోట వినడమే బాగోలేదు.

శనివారం బావ సికింద్రాబాద్ వస్తున్నాడు. సర్వపిండి, మామిడి తొక్కు, 675 బ్యాటరీలు రెండు పట్టీలు పంపిస్తున్నా. నీలం స్టిక్కర్లవే. వాడకపోతే వాపస్ ఇవ్వకు, ఉండనీ. దుకాణంలో కొత్త లైటు వేయించాను, నా మొహం, చేతులు మంచిగా కనిపిస్తాయి. ఆదివారం తొమ్మిదింటికి కాల్ చెయ్, ఫోన్ కొంచెం దూరంగా పెట్టు, పోయినసారి నీ చేతులు సగమే కనిపించాయి.

నీ బాపు