కాలిపర్ తెర మీద అంకెను చూసి కొనకండి

సంపాదకుడికి,

ఇంట్లో చిన్న లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) పెట్టుకునేవాళ్ల కోసం ఆదివారం మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ డిజిటల్ కాలిపర్ (వస్తువుని రెండు దవడల మధ్య పట్టి కొలిచే పరికరం) '0.01 మి.మీ. కచ్చితత్వంతో' కొలుస్తుందన్నారు. అది తప్పు. 0.01 అంటే తెర మీద మారే అతి చిన్న అంకె, అంతే. 150 మి.మీ. కాలిపర్‌కి పేరున్న కంపెనీలు కూడా మామూలుగా తేడా ±0.02 మి.మీ. దాటదనే హామీ ఇస్తాయి. చౌక రకాలకి ±0.03 అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో, పనిముట్లూ అచ్చులూ చేసే టూల్‌రూమ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఇది నాకు చిన్న తేడా కాదు. షాఫ్ట్ (ఇరుసు) మీద బేరింగ్ బిగుతుగా కూర్చోవడానికీ వదులుగా తిరగడానికీ మధ్య ఉండేది అంతకన్నా తక్కువే.

కాలిపర్ కొనడానికి బెంగళూరు ఎస్పీ రోడ్డుకి వెళ్లేవాళ్లు, కొలత సరిచూడటానికి జేబులో కొత్త 6203 సైజు బేరింగ్ ఒకటి వేసుకెళ్లండి. దాని బయటి వ్యాసం 40 మి.మీ. మంచి కంపెనీదైతే 40కి మించదు, తగ్గినా 11 మైక్రాన్ల (0.011 మి.మీ.) లోపే. ముందు కాలిపర్ దవడలు మూసి లైటుకి ఎదురుగా పట్టండి. సందులోంచి వెలుతురు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కనిపిస్తే బేరమాడకుండా తిరిగిచ్చేయండి. తర్వాత బేరింగ్ పక్క ముఖాన్ని కాలిపర్ స్కేలుకి ఆనించి ఒకసారి, దవడల కొనల దగ్గర పట్టి ఇంకోసారి బయటి వ్యాసం కొలవండి. రెండు అంకెలు కలవకపోతే స్లైడ్ వదులుగా ఉందని, లేదా దవడలు అరిగాయని అర్థం. దుకాణదారు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. బేరింగ్ లోపలి రంధ్రం 17 మి.మీ., దాన్ని మాత్రం కాలిపర్ కాస్త తక్కువ చూపిస్తుంది. లోపలి దవడల అంచులు చదునుగా ఉండటం వల్ల చిన్న రంధ్రాల్లో అలాగే వస్తుంది, అందుకని కాలిపర్‌ని తిట్టకండి.

బ్యాటరీ ఊరికే అయిపోతోందని టెన్షన్ పడేవాళ్లు ఎల్‌ఆర్44 (ఆల్కలైన్) బటన్ సెల్ బదులు అదే సైజు ఎస్‌ఆర్44 (సిల్వర్ ఆక్సైడ్) వేసి చూడండి. చాలా చౌక కాలిపర్లు ఆఫ్ చేసినా లోపల కరెంటు తాగుతూనే ఉంటాయి.

చూపు బాగున్న కుర్రాళ్లకి నా సలహా 0.02 మి.మీ. వెర్నియరే (తెర లేకుండా, గీతలు కలిసిన చోటు చూసి చదివే కాలిపర్). కళ్లద్దాలు పెట్టినా గీతలు కనపడని నా వయసువాళ్లు డిజిటలే కొనుక్కోవాలి. షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే చోటుని లేత్‌పై చెక్కాలంటే మాత్రం రెండూ చాలవు, 0–25 మి.మీ. మైక్రోమీటర్ (మర తిప్పి ఇంకా సన్నగా కొలిచే పరికరం) కావాల్సిందే. మీ వ్యాసంలో దాని ఊసే లేదు. వచ్చే ఆదివారం ఆ సవరణ వేస్తే, ఇకమీదట కొనబోయేవాళ్ల డబ్బు మిగులుతుంది.

- రిటైర్డ్ టూల్‌రూమ్ ఉద్యోగి, టి. దాసరహళ్లి, బెంగళూరు