పెన్షన్ వచ్చిన మొదటి ఏడాది మాకో మనిషిని తోడివ్వండి

గౌరవనీయులైన మంత్రివర్యులు శ్రీ ఉత్తమ్ కుమార్ రెడ్డి గారికి,

నమస్కారం. సైనిక సంక్షేమం మీ శాఖ కాదని తెలుసు. మీరు చూసేది నీటిపారుదల, పౌరసరఫరాలు. అయినా మీకే రాస్తున్నాను. రాజకీయాల్లోకి రాకముందు మీరు వాయుసేనలో యుద్ధ విమానాలు నడిపారు. మా ఉమ్మడి నల్లగొండ బిడ్డ. సర్వీసు ముగిశాక చేతికిచ్చే డిశ్చార్జ్ బుక్ అంటే ఏమిటో మీకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

నాది దేవరకొండ డివిజన్‌లో ఒక ఊరు. 1999లో ఆర్మీలో చేరి 2016లో నాయక్ ర్యాంకులో పెన్షన్ వచ్చాను. మా దగ్గర రిటైరయ్యాడని ఎవరూ అనరు, పెన్షన్ వచ్చిండు అంటారు. అప్పటికి నాకు 37 ఏళ్లు. నా ఈడు టీచర్లకు ఇంకా ఇరవై ఏళ్ల సర్వీసు ఉంది. నేను నల్ల ట్రంకు పెట్టెతో ఇంటి ముందు ఆటో దిగాను. పెట్టె మీద తెల్ల పెయింటుతో నా నంబరు, పేరు. దాన్ని దించుతుంటే మా చిన్నోడు "డాడీ, ఈసారి ఎన్ని దినాల సుట్టీ?" అని అడిగాడు. "ఇగ పోను బిడ్డా" అన్నాను. వాడు నమ్మలేదు. నెల తిరిగాక మళ్లీ అదే మాట అడిగాడు.

గ్రాట్యుటీ, కమ్యుటేషన్, ఫండ్, గ్రూప్ ఇన్సూరెన్స్, మిగిలిన సెలవుల డబ్బు, అన్నీ కొద్ది వారాల తేడాతో ఒకే ఖాతాలో పడ్డాయి. పాస్‌బుక్‌లో అన్ని సున్నాలు నేను ఎన్నడూ చూడలేదు. కమ్యుటేషన్ అంటే నా పెన్షన్‌లో సగం దాకా ముందే అమ్ముకోవడమని, ఆ సగం 15 ఏళ్లకు గానీ తిరిగి కలవదని సంతకం పెట్టించుకున్న రోజు చెప్పే ఉంటారు. నా బుర్రకెక్కింది మాత్రం మూడో నెల పెన్షన్ చూసుకున్నాకే. అంటే ఖాతాలో ఉన్నది ఉత్తపుణ్యాన వచ్చిన సొమ్ము కాదు, నాకు 52 ఏళ్లు వచ్చేదాకా ఇంటిల్లిపాది తినాల్సిన తిండి.

ఆ సంగతి తెలిసేలోపే సగం పోయింది. మొదట బోర్లు. మా వైపు బోరు వేయడమంటే జూదమే, మీకు తెలియనిది కాదు. నాయిన మాట కాదనలేక నాలుగు వేయించాను. ఒకదాంట్లో నీళ్లు పడ్డాయి, రెండు ఎండాకాలాలకు అదీ ఎండింది. తర్వాత సాగర్ హైవే పక్కన వెంచర్. రంగు రంగుల జెండాలు, ఫంక్షన్ హాల్లో భోజనాలు. ఏజెంటు నాకు బావమరిది వరస. "బావా, రేపటికి ఈ రేటుండదు" అన్నాడు. రెండు ప్లాట్లు తీసుకున్నాను. అనుమతి లేని లేఅవుట్ అని తర్వాత తెలిసింది. 2020లో అలాంటి ప్లాట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ పథకం వచ్చినప్పుడు ప్లాటుకు వెయ్యి చొప్పున కట్టి దరఖాస్తు పెట్టాను. ఇప్పుడు వెళ్లి చూస్తే హద్దు రాళ్లు కంపచెట్లలో వెతుక్కోవాలి. ఆ అబ్బాయిని తిట్టలేను, వాడూ అందులోనే ఒక ప్లాటు కొనుక్కుని మునిగాడు.

ఇంట్లో జరిగింది చెప్పుకోవడం ఇంకా కష్టం. పిల్లల ఫీజులు, మా అమ్మ షుగరు గోలీలు, సంఘం కిస్తీలు, అన్నీ పదిహేనేళ్లకు పైగా నా భార్య ఒక్కతే నడిపింది. నేను వచ్చి ఇంట్లో రోల్ కాల్ పెట్టాను. పొద్దున నాలుగున్నరకు అందరినీ లేపడం, ఏది ఎక్కడ ఉండాలో చెప్పడం, ప్రతి రూపాయికీ లెక్క అడగడం. ఒక రాత్రి ఆమె తన లెక్కల నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. "ఇన్నేండ్ల లెక్క ఇందులున్నది. నీ బోర్ల లెక్క యాడ రాసినవ్?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ తెల్లారి నుంచి పెన్షన్ ఆమె చేతికే ఇస్తున్నాను. ఇల్లు నిలబడింది అందుకే.

తర్వాత మూడేళ్లు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పన్నెండు గంటల డ్యూటీ చేశాను. కష్టానికి బాధ లేదు. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో మాజీ సైనికులకు క్లర్కు స్థాయి గ్రూప్-సి పోస్టుల్లో 14.5 శాతం, అటెండరు స్థాయి గ్రూప్-డిలో 24.5 శాతం కోటా ఉందని ఆ మూడేళ్లూ తెలియకపోవడమే బాధ. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో 10 శాతం ఉంది. సర్వీసు మొత్తాన్ని వయసులోంచి తీసేసి, పైన మరో మూడేళ్లు సడలిస్తారు. పదో తరగతి చదివి, ఆర్మీ సర్టిఫికెట్‌తో 15 ఏళ్లు సర్వీసు చేసినవాడు డిగ్రీ అడిగే గ్రూప్-సి పోస్టులు చాలావాటికి అర్హుడే. ఇదంతా నాకు చెప్పింది ఏ ఆఫీసూ కాదు. అదే గేటు దగ్గర నైట్ డ్యూటీకి వచ్చే ఒక మాజీ హవల్దార్. ఈ రోజు నేను ఒక బ్యాంకు బ్రాంచిలో గార్డుగా ఉన్నానంటే ఆయన చలవే.

సార్, పథకాలు లేవని నేను అనడం లేదు. ఉన్నవి మా చెవిన పడేసరికి ఆ మొదటి ఏడాది దాటిపోతోంది. డబ్బు పోయేది, ఆలుమగల మధ్య మాటలు తెగేది, తాగుడు మొదలయ్యేది ఆ ఏడాదిలోనే. మా చుట్టుపక్కల ఊళ్లలో నేను కళ్లారా చూశాను.

అందుకే నేను అడిగేది ఒక్కటే. నల్లగొండ, మహబూబ్‌నగర్ సైనిక సంక్షేమ కార్యాలయాల్లో, కొత్తగా పెన్షన్ వచ్చినవాళ్ల కోసమే ఒక మనిషిని పెట్టించండి. అతను మాలో ఒకడైతే ఇంకా మంచిది. వచ్చిన జవాన్‌కు తనే ఫోన్ చేయాలి. డబ్బు కరిగిపోకముందే భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. భార్య లేకుండా ఆ మాటలు వద్దు, ఇది నా అనుభవంతో చెబుతున్నాను. కమ్యుటేషన్ లెక్క చెప్పాలి, ఏ నోటిఫికేషన్‌కు ఏ కాగితం కావాలో చెప్పాలి. ప్లాటు కొంటానంటే, ఆ లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో అక్కడికక్కడే చూసి చెప్పాలి.

నెలకో రోజు ఆ మనిషి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట, సూర్యాపేట, భువనగిరి కలెక్టరేట్లకు వెళ్లి కూర్చోవాలి. అలంపూర్ నుంచో అమ్రాబాద్ నుంచో ఒక ముసలామె మహబూబ్‌నగర్ వచ్చిపోవాలంటే రోజంతా పడుతుంది. పెన్షన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాక ఇలాంటి వాళ్ల తిప్పలు పెరిగాయి. మా వైపు ఆడవాళ్ల పేర్లు రాసేవాడి చేతిని బట్టి మారతాయి. పెన్షన్ ఆర్డరు (పీపీఓ)లో లక్ష్మమ్మ, ఆధార్‌లో లచ్చమ్మ. ఆ ఒక్క అక్షరం దగ్గర ఫ్యామిలీ పెన్షన్ ఆగితే, కాగితాలు ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ ఆఫీసు దాకా వెళ్లి రావాలి. వేలిముద్రలు అరిగిపోయిన చేతులతో ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం వాళ్లకు ఎంత టెన్షనో ఒకసారి మీ సేవ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది.

2020లో గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్ బాబు గారి కుటుంబానికి ప్రభుత్వం అండగా నిలబడింది. సూర్యాపేట ఆయన్ని గుండెల్లో పెట్టుకుంది. అది మా అందరికీ గర్వం. బతికి ఇల్లు చేరినవాడికీ ఆ ప్రేమలో కాస్త చోటు కావాలి.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, నాలుగేళ్ల సర్వీసుకే సైన్యంలో చేరిన అగ్నివీరుల కోసం. మొదటి బ్యాచ్ నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో పూర్తవుతాయి. పర్మినెంటుగా తీసుకునేది 25 శాతం దాకానే. మిగతావాళ్లలో చాలామంది పాతికేళ్లయినా నిండకుండానే ఇంటికి వస్తారు. పెన్షన్ ఉండదు. చేతిలో, వచ్చేటప్పుడు ఒకేసారి ఇచ్చే సేవానిధి కింద పది పదకొండు లక్షలుంటాయి. 37 ఏళ్లకు, నెలనెలా పెన్షన్ ఉండి కూడా నేను దారి తప్పాను. వాళ్లకు ఆ పెన్షన్ కూడా లేదు.

మా ఊరి పక్క తండా పిల్లవాడొకడు ఆ బ్యాచ్‌లో ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి "అన్నా, వచ్చినంక పైసలు ఏం జేయాలె?" అని అడిగాడు. "ఆరు నెలలు బ్యాంకులోనే ఉండనీ, ఎవరు అడిగినా సంతకం పెట్టకు, మీ అమ్మకు చెప్పకుండా ఒక్క రూపాయి తీయకు" అన్నాను. "ఆరు నెలల తర్వాత?" అన్నాడు. నల్లగొండలో ఎవరిని కలవమని చెప్పాలో నాకు తెలియలేదు. వాడు మళ్లీ ఫోన్ చేసేలోపు నాకొక పేరు, ఒక ఫోన్ నంబరు ఇప్పించండి సార్.

ఇట్లు,
ఒక మాజీ నాయక్,
దేవరకొండ డివిజన్, నల్లగొండ జిల్లా