కడెం గేట్ల దిగువన నిలబడేవారి కోసం ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్మల్ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు గేట్లు వదలగలిగినదానికన్నా మించిన వరద వచ్చి, నీరు గేట్ల పైనుంచి పొర్లి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించవలసి వచ్చిన రోజును ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. అంతకు ముందు ఏడాది నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన సంగతీ మనకు తెలిసిందే.

అయితే నా విన్నపం వరద రోజుల గురించి కాదు, మామూలు ఆదివారాల గురించి. గేట్ల కింద బండల మీద చెప్పులు విడిచి, పిల్లల్ని నీళ్లలోకి దించి, ఫొటోలు తీసుకునేవారు చాలామంది పొరుగూళ్ల వారే. సైరన్ మోగితే గట్టెక్కాలని మాకు తెలుసు. వారికి అది ఏదో మోతగానే వినిపిస్తుంది.

సందర్శకులను రానివ్వవద్దని కోరడం లేదు (చేపల వేపుడు అమ్ముకునేవారి బతుకు వారి మీదే ఆధారపడి ఉంది). సైరన్‌కూ గేటు ఎత్తడానికీ మధ్య ఎన్ని నిమిషాలుంటాయో తెలుగు, ఉర్దూ, గోండి భాషల్లో బోర్డు మీద రాయించండి, ఎక్కడిదాకా దిగవచ్చో బండల మీద ఎర్ర గీత గీయించండి, లైఫ్ జాకెట్ లేనిదే ఎవరినీ పడవ ఎక్కనివ్వవద్దని ఆదేశించండి. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం ప్రకారం వానాకాలానికి ముందు జరిగే తనిఖీ సారాంశాన్ని, ముఖ్యంగా 18 గేట్లలో ఏది ఏ స్థితిలో ఉందో, పంచాయతీ గోడ మీద అంటించే ఏర్పాటు చేయగలరు.

ఇట్లు,
కడెం దిగువ గ్రామస్థుడు