జకాత్ తీసుకునేవాళ్ల ముఖాలు పేపర్లో ఎందుకు?

సంపాదకులు గారికి,

పండగ పనుల్లో పడి వెంటనే రాయలేకపోయాను. పోయిన వారం మీ జిల్లా పేజీలో రంజాన్ దానాల మీద వేసిన వార్త, దాని నెత్తిన పెట్టిన అంత పెద్ద ఫొటో చూసిన దగ్గర్నుంచీ మనసు మండుతూనే ఉంది.

ముందు వార్త సంగతి. ముస్లింలు ఆదాయంలో రెండున్నర శాతం ఫిత్రాగా ఇస్తారని రాశారు. ఒక్క వాక్యంలో రెండు తప్పులు! రెండున్నర శాతం జకాత్‌ది, అంటే ఉన్నవాళ్లు ఏటా లేనివాళ్లకు తప్పనిసరిగా ఇవ్వాల్సిన వాటాది. అదీ జీతం మీద కాదు. ఏడున్నర తులాల బంగారమో, యాభై రెండున్నర తులాల వెండో, ఆ విలువకు తగ్గ డబ్బో, అమ్మకపు సరుకో చేతిలో ఉండి, చాంద్రమానం లెక్కన ఏడాది తిరిగితే, అప్పులు పోను మిగిలినదాని మీద. ఉంటున్న ఇల్లు, తిరిగే బండి లెక్కలోకి రావు. ఫిత్రా వేరు, అది రంజాన్ పండగ దానం. ఈద్ నమాజుకు ముందే, నిన్న పుట్టిన పసిబిడ్డ తరఫున కూడా, ఇంటి పెద్ద ఇచ్చేయాలి. హనఫీ సంప్రదాయం పాటించే మాకు తలకు సుమారు పావు తక్కువ రెండు కిలోల గోధుమలు, లేదా వాటి ఖరీదు. సదకా అంటారా, అది మామూలు దానం, మన ఇష్టం. ఏ నెలలోనైనా, ఏ మతం వాళ్లకైనా ఇవ్వొచ్చు. మసీదు దాకా వెళ్లి ఇమాం గారిని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయేది. బంగారం రేటు రోజూ తప్పు లేకుండా వేసే పేపరుకి ఇది అంత కష్టమా?

ఇక ఫొటో. మిట్టమధ్యాహ్నం ఎండలో రోజా (ఉపవాసం) ఉన్న ఆడవాళ్ల క్యూ. చేతుల్లో టోకెన్లు. వెనకాల బ్యానర్ మీద నవ్వుతున్న దాతగారు, పక్కన ఆయన పార్టీ పెద్దలు. ఒక ముసలామె కొంగుతో ముఖం కప్పుకోబోతుంటే సరిగ్గా అప్పుడే తీశారు. ఇచ్చినదాన్ని దెప్పిపొడిచి, మనసు నొప్పించి ఆ పుణ్యాన్ని పాడుచేసుకోవద్దని ఖురాన్‌లో బఖరా సూరా (అధ్యాయం) 264వ ఆయత్ (వాక్యం) చెబుతోంది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని హదీసు, అంటే ప్రవక్త మాట. ఇక్కడ జిల్లా మొత్తానికీ తెలియాలి! ఉన్నవాడి సొత్తులో లేనివాడికి హక్కు ఉందంటుంది మా మతం. హక్కుదారు ఎండలో నిలబడి, బాకీదారు ఏసీలో కూర్చోవడం ఏం పద్ధతి? మా పేటలో పాత కాలం వ్యాపారులు రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజు అయ్యాక కవర్లు గుట్టుగా ఇళ్లకు పంపేవారు. వాళ్ల పేర్లు ఇప్పటికీ ఎవరికీ తెలియవు.

ఈ క్యూలు పరువుకే కాదు, ప్రాణాలకూ చేటు. 2008లో ఇండోనేషియాలోని పసురువాన్‌లో ఇలాగే ఒక సంపన్నుడి ఇంటి ముందు తొక్కిసలాటలో 21 మంది ఆడవాళ్లు చనిపోయారు. మనిషికి ఇస్తామన్నది మన డబ్బుల్లో నూటయాభై లోపే. 2023 రంజాన్‌లో యెమెన్ రాజధాని సనాలో డబ్బు పంచుతుంటే 75 మందికి పైగా పోయారు. మన దగ్గర జరిగాక మొదటి పేజీలో వేస్తారు కాబోలు.

అసలు దాతలకు ఈ ప్రచారం పిచ్చి నేర్పింది సర్కారే. ఒకరు రంజాన్ తోఫాకి ముందు చంద్రన్న అని తగిలించారు, తర్వాత వచ్చినవారు పథకం పథకానికీ జగనన్న అన్నారు. జనం పన్నులతో ఇచ్చేదానికి కూడా సొంత పేరే! ఆ ఫొటోలోని క్యూలో ఎందరికి వితంతు పెన్షన్ ఆగిపోయిందో మీ విలేకరి అడిగారా? తాతల నాడు మసీదులకీ అనాథలకీ రాసిచ్చిన వక్ఫ్ భూముల రాబడి సక్రమంగా వస్తే ఇందులో కొందరికైనా టోకెన్ పట్టుకునే ఖర్మ ఉండేదా? 1995లో వక్ఫ్ చట్టం, 2013లో సవరణ, 2025లో మళ్లీ సవరణ. చట్టం కదులుతోంది, ఆక్రమించినవాడు మాత్రం కదలడు.

తప్పులకు సవరణ వేయండి. వచ్చే రంజాన్‌కి క్యూ ఫొటో మానేసి, ఆ దాతగారినే లెక్క అడిగి వేయండి: లాకర్లో బంగారం ఎంత, బ్యాంకులో ఎంత, అమ్మకానికి ఉంచిన ప్లాట్లు ఎన్ని, వాటన్నిటి మీద రెండున్నర శాతం ఎంత. పంచిన చీరలూ సేమ్యా ప్యాకెట్లూ ఆ అంకెకి సరిపోతాయో లేదో మేం చూసుకుంటాం.

– ఒక పాఠకుడు, గుంటూరు