ఆరో ఏట వచ్చే ఆరో పన్ను: విద్యాశాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను పొదిలి, దర్శి వైపు చాలా ఏళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్న పళ్ల డాక్టర్‌ని. జూన్‌లో బడులు తెరిచేలోపు మీ దృష్టికి ఒక విషయం తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఒకటి, రెండు తరగతుల పిల్లల చేత మధ్యాహ్న భోజనం అయ్యాక రోజూ బడిలోనే, టీచర్ కళ్ల ముందు, పళ్లు తోమించండి.

ఆ రెండు తరగతులే ఎందుకో చెప్తాను. చిన్నపిల్లలకు పాలపళ్లు 20 ఉంటాయి. పై దవడలో అయినా కింది దవడలో అయినా నడిమి నుంచి ఒక పక్కకి లెక్కపెట్టుకుంటూ వెళ్తే ఐదు. పిల్లకి ఆరేళ్లు వచ్చే వేళకి ఆ ఐదో పన్ను వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, ఆరో పన్ను మొలుస్తుంది. నాలుగు మూలలా నాలుగు. అవి పాలపళ్లు కావు, జన్మంతా ఉండాల్సిన దవడపళ్లు. ముందుపన్ను ఊడితే ఇల్లంతా సందడి. ఊడిన పన్నుని ఇంటి కప్పు మీదకి విసరడం, బోసినోటిని చూసి అందరూ నవ్వడం. ఈ ఆరో పన్ను వచ్చినట్టు మాత్రం కన్నతల్లికి కూడా తెలియదు. నోట్లో అంత వెనక్కి ఎవరు చూస్తారు? పైగా అది చిగురు చీల్చుకుని పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది. అన్నాళ్లూ పక్క పళ్లకంటే కిందనే ఉంటుంది కాబట్టి బ్రష్ దాని మీదుగా పోతుంది తప్ప దానికి తగలదు. దాని పైభాగంలో లోతైన గాడులుంటాయి. తిన్నది అక్కడే ఇరుక్కుంటుంది. కొత్తగా వచ్చిన పన్ను కాబట్టి ఎనామిల్ (పన్ను పైపొర) కూడా ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. అందుకే జన్మంతా ఉండాల్సిన పళ్లలో సాధారణంగా అన్నిటికంటే ముందు పుచ్చేది అదే.

ఆ మధ్య మూడో తరగతి చదివే పాపని వాళ్లమ్మ తీసుకొచ్చింది. మిరప కోతల రోజులు, కూలి వదులుకుని వచ్చింది. పాప బుగ్గ ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయి ఉంది. నాలుగు రోజుల నుంచి అన్నం నమలలేక మజ్జిగలో పిసికి మింగుతోందట. చూస్తే కింది ఆరో పన్ను సగానికి పైగా తినేసి వేరు దాకా చీము పట్టింది. "ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదమ్మా" అంటే, "పాలపన్నే గదా మేడం, ఎట్లాగూ ఊడిపోయేదేగా అనుకున్నా" అంది. అంతకుముందు ఎవరో చెబితే వాకుడు కాయల పొగ కూడా పట్టించారు, పన్నులో పురుగు పడిపోతుందని. తొమ్మిదేళ్లు నిండని పిల్లకి ఇక మళ్లీ రాని పన్నుని నేను పీకాల్సి వచ్చింది. ఆ తల్లి నిర్లక్ష్యం చేసిందని నేను అనను. ఆరో పన్ను సంగతి ఆమెకి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ఆమె కూడా మన బడిలోనే చదువుకుంది.

ఇలాంటి పిల్లలు ఎక్కడో ఒకరిద్దరే ఉంటారని అనుకోకండి. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2002-03లో దేశమంతా సర్వే చేయిస్తే పన్నెండేళ్ల పిల్లల్లో 53.8 శాతం మందికి, పదిహేనేళ్ల వాళ్లలో 63.1 శాతం మందికి పుచ్చుపళ్లు ఉన్నట్టు తేలింది. అప్పటికంటే ఇప్పుడు ప్రతి కిరాణా కొట్టులో, ప్రతి బడి గేటు ముందు ఐదు రూపాయల క్రీమ్ బిస్కెట్లు, జెల్లీలు వేలాడుతున్నాయి. బడి గేటుకి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలు అమ్మకూడదని 2020లోనే ఆహార భద్రత సంస్థ నిబంధన తెచ్చింది. దాన్ని అమలు చేయించే పని మీ ఒక్క శాఖది కాదు కాబట్టి అక్కడితో వదిలేస్తాను.

దంతాల శుభ్రత గురించి బడిలో ఇప్పుడేమీ జరగడం లేదా అంటే, జరుగుతోంది. పాఠ్యపుస్తకంలో పాఠం ఉంది. అప్పుడప్పుడు క్యాంపు పెడతారు. నేనూ పెట్టాను. మైకులో మాట్లాడి, పెద్ద పళ్ల బొమ్మ చూపించి, తలా ఒక బ్రష్, పేస్టు ఇచ్చి, ఫొటో దిగి వస్తాం. ఆరు నెలల తర్వాత అదే బడికి వెళ్తే పిల్లలకి పాఠం నోటికి వస్తుంది. "రోజుకి రెండుసార్లు తోముకోవాలి టీచర్" అని ముక్తకంఠంతో చెప్తారు. నోరు తెరిస్తే పాచి పాచిగానే ఉంటుంది. చెయ్యి తిరిగే పని ఎవరికైనా రోజూ చేస్తేనే వస్తుంది. అక్షరాలు దిద్దించినట్టే బ్రష్ కూడా దిద్దించాలి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లలు సొంతంగా సరిగ్గా తోముకోలేరు, పక్కన పెద్దవాళ్లు ఉండి చూడాల్సిందే. తెల్లవారకముందే పొలం పనికి పోయే ఇళ్లలో ఆ చూసేవాళ్లు ఎవరు? బడిలో టీచరే కదా.

ఫిలిప్పీన్స్‌లో ఈ పని బడిలోనే చేయిస్తున్నారు. పిల్లలంతా బారుగా నిలబడి చేతులు కడుక్కుని, పళ్లు తోముకుంటారు. స్కాట్లాండ్‌లో చైల్డ్‌స్మైల్ అనే కార్యక్రమం కింద నర్సరీల్లోనే టీచర్ల ముందు తోమిస్తారు. మన దగ్గర మధ్యాహ్న భోజనం ఉంది, చేతులు కడుక్కునే కుళాయిలు ఉన్నాయి, ఎండాకాలంలో నీళ్లు తాగించడానికి వాటర్ బెల్ కొట్టే అలవాటు ఉంది. ఇంకో పది నిమిషాలు కావాలి, అంతే.

ఎలా చేయించాలో కూడా రాస్తాను, ఎందుకంటే ఇలాంటివి చిన్న చిన్న విషయాల దగ్గరే ఆగిపోతాయి. విద్యార్థి కిట్‌లో బ్యాగు, బూట్లతో పాటు రెండు చిన్న బ్రష్‌లు పెట్టండి. ఒకటి బడిలో ఉండాలి, ఒకటి ఇంటికి పోవాలి. మూడు నాలుగు నెలలకోసారి మార్చాలి. బడిలో బ్రష్‌ల మీద పేర్లు రాసి, ఒకదానికొకటి తగలకుండా, గాలి తగిలేలా నిలబెట్టే స్టాండు కావాలి. మూతలు పెట్టి డబ్బాలో వేస్తే తడికి బూజు పడుతుంది. పేస్టు ట్యూబు పిల్లలకి ఇవ్వకూడదు. టీచర్ ఒక శుభ్రమైన పళ్లెం అంచున వరసగా బఠాణీ గింజంత పేస్టు చొప్పున పెడితే ఒక్కొక్కరూ తమది బ్రష్‌తో తీసుకుంటారు. టీవీ ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ నిండా వేయక్కర్లేదు. బఠాణీ గింజంత అంటే పావు గ్రాము. ఏడాదికి 220 పనిదినాలు వేసుకున్నా ఒక పిల్లకి 55 గ్రాములు. చిన్న ట్యూబు ఖర్చు! తోమడం అయ్యాక ఉమ్మేయాలి, గబగబా నీళ్లు పోసి పుక్కిలించకూడదు. పేస్టులో ఉన్న ఫ్లోరైడ్ కాసేపు పళ్ల మీద ఉంటేనే పని చేస్తుంది. 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టునే కొనాలి. ఫ్లోరైడ్ పేస్టుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ఫ్లోరైడ్ అనగానే మా ప్రాంతంలో జనం ఉలిక్కిపడతారు. అది సహజం. ఈ నేల మీద నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు గురించి 1937లోనే డాక్టర్లు రాశారు. మన దేశంలో ఆ జబ్బు మొదట బయటపడింది ఇక్కడే. అప్పటి నుంచి ఎన్ని తరాల పిల్లలు గోధుమరంగు మచ్చల పళ్లతో నవ్వడానికి కూడా సిగ్గుపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారో. ఈ ప్రాంతంలో పళ్ల పాఠం చెప్పే టీచర్లకు రెండు సంగతులు తప్పక తెలియాలి. ఒకటి, ఆ మచ్చలు మురికి కాదు. పళ్లు ఇంకా చిగుళ్లలో ఉండి తయారవుతున్నప్పుడే తాగిన నీళ్ల వల్ల వచ్చినవి. ఎంత తోమినా పోవు. వాటిని పోగొడదామని పిల్లలు ఇటుకపొడితో, బొగ్గుతో, కచికతో రుద్దుకుంటున్నారు. ఉన్న ఎనామిల్ కూడా అరిగిపోయి జివ్వుమని లాగుతుంది. క్లాసులో ఎవరైనా ఆ పిల్లల్ని "పాచిపళ్లు" అని ఏడిపిస్తే టీచర్ అక్కడికక్కడే ఆపాలి. రెండోది, అసలు సమస్య తాగే నీళ్లు. వాటి సంగతి ప్రభుత్వం చూడాలి, రక్షిత నీరు ప్రతి బడికీ రావాలి. బఠాణీ గింజంత పేస్టు వాడి ఉమ్మేస్తే భయం లేదు. మింగే వయసు పిల్లలకి మాత్రం దగ్గరుండి ఉమ్మించాలి. ఇంట్లో గుట్టుగా మింగేసే పిల్లల చేత కూడా బడిలో అయితే ఉమ్మించొచ్చు.

భోజనంలో ఇచ్చే చిక్కీ గురించి కూడా ఒక మాట. వేరుశనగ, బెల్లం రెండూ ఎదిగే పిల్లలకి కావాల్సినవే. దాన్ని తీసేయమని నేను అడగను. కానీ బెల్లం పాకం ఆరో పన్ను గాడుల్లో అతుక్కుంటే గంటల తరబడి వదలదు. దాన్ని భోజనంతో పాటే పెట్టి, ఆ వెంటనే పళ్లు తోమిస్తే సరిపోతుంది. సాయంత్రం ఇంటికి పోతూ చప్పరించుకుంటూ వెళ్లేలా చేతికి ఇస్తేనే చెరుపు. పుట్టినరోజులకి క్లాసులో చాక్లెట్లు పంచడం మాన్పించి జామకాయలు పంచమంటే తల్లిదండ్రులు కాదనరు.

అదే భోజనంలో వచ్చే గుడ్డుతో మంచి పాఠం చెప్పొచ్చు. ఉడికిన గుడ్డు పెంకు ముక్కని ఒక గ్లాసులో నిమ్మరసంలో వేస్తే బుడగలు వస్తాయి. మర్నాటికి పెంకు మెత్తబడిపోతుంది. ఇంకో గ్లాసులో మంచినీళ్లలో వేసిన ముక్క అలాగే ఉంటుంది. తీపి తిని వదిలేస్తే నోట్లో ఉన్న సూక్ష్మజీవులు దాన్ని పులుపుగా మారుస్తాయని, ఆ పులుపే పన్నుని కరిగిస్తుందని, పన్నులో పురుగేమీ ఉండదని పిల్లలకి అప్పుడు మళ్లీ చెప్పక్కర్లేదు. వాళ్లే ఇంటికి వెళ్లి నానమ్మకి చెప్తారు. రాత్రి పడుకోబోయే ముందు తోముకోవడం ఎందుకో కూడా అక్కడే చెప్పాలి. మనవాళ్లు పాచి ముఖంతో కాఫీ కూడా ముట్టరు, ఆ పట్టింపు గట్టిది. రాత్రి తోముకునే పట్టింపే లేదు. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి పళ్లకి అసలు నష్టం జరిగేది అప్పుడే. ఇంటికి పంపే రెండో బ్రష్ అందుకే.

టీచర్ల మీద ఇప్పటికే ఉన్న బరువు నాకు తెలుసు. దయచేసి దీనికి యాప్ పెట్టకండి, రోజూ ఫొటో అప్‌లోడ్ చేయమనకండి. అలా చేస్తే పిల్లలు ఫొటో కోసం నిలబడతారు, టీచర్‌కి టెన్షన్ మిగులుతుంది, అసలు పని మూలన పడుతుంది. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున ఒక టార్చ్ లైట్ ఇచ్చి, ఒకటో తరగతి తల్లులకి తమ బిడ్డ నోట్లో ఆరో పన్నుని వేలుతో లెక్కపెట్టి చూపిస్తే చాలు. ఫొటోల కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

ఆరోగ్యశాఖ మంత్రి గారితో మీరు మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీములు ఏడాదికోసారి బడికి వచ్చి చూసే జబ్బుల్లో పళ్ల జబ్బులు కూడా ఉన్నాయి. పుచ్చుపన్ను కనిపిస్తే చీటీ రాసి జిల్లా కేంద్రానికి పంపమంటారు. ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, నొప్పి లేని పన్ను. ఏ తల్లి వెళ్తుంది? ఆ వైద్యం బడికే రావాలి. ఆరో పన్ను గాడులు పూడ్చే సీలెంట్ వేయడానికి సూది అక్కర్లేదు, మరపెట్టి తొలవక్కర్లేదు. ఫ్లోరైడ్ వార్నిష్ పూయడానికి కొన్ని నిమిషాలు చాలు. విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లోనూ, ప్రైవేటు కాలేజీల్లోనూ హౌస్ సర్జన్లు ఉన్నారు. ఒక్కో కాలేజీకి కొన్ని మండలాలు అప్పగించి, ఏటా ఒకటి, రెండు తరగతుల పిల్లలందరికీ వేయించండి. ఆ బడిలో అదే ఏడాది రోజూ తోమించడం కూడా ఉంటే ఫలితం ఇంకా బాగుంటుంది.

రాష్ట్రమంతా ఒకేసారి అక్కర్లేదు. ఈ జూన్‌లో ఒక్క మండలంలో మొదలుపెట్టి, రెండేళ్ల తర్వాత ఆ పిల్లల ఆరో పళ్లని పక్క మండలం పిల్లల పళ్లతో పోల్చి లెక్క తీయించండి. ఆ మండలం మాదే అయితే టీచర్లకి శిక్షణ ఇవ్వడానికీ, పిల్లల నోళ్లు పరీక్షించి రికార్డు రాయడానికీ నేను ఫీజు తీసుకోకుండా వస్తాను. మండల విద్యాశాఖాధికారి గారి నుంచి ఒక కబురు వస్తే చాలు.

భవదీయురాలు,
ఒక పళ్ల డాక్టర్