వడకని ఉన్ని పేరుతో అమ్మిన కల్తీ సరుకుపై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ‘నూటికి నూరు పాళ్ళు ఐస్‌లాండ్ ఉన్ని’ అని అమ్మిన సరుకులో కృత్రిమ పీచు కలిసి ఉండటం, డబ్బు వాపసు, ప్రకటన తొలగింపు కోరుతూ.

అయ్యా,

డెన్మార్క్‌లో చదువుకుంటున్న మా అమ్మాయికి స్వెటర్ అల్లడానికి మీ వెబ్‌సైటులో బూడిద రంగు వడకని ఉన్ని 600 గ్రాములు కొన్నాను. అంచు నుంచి చంకల దాకా అల్లిన తర్వాత అందులో కృత్రిమ పీచు కలిసి ఉందని తేలింది. మీ కస్టమర్ కేర్‌కు రాస్తే, ‘వడకని ఉన్ని తెగడం సహజం, మీరు గట్టిగా లాగుతున్నారు, ప్యాకెట్ విప్పాక వాపసు తీసుకోము’ అని జవాబు వచ్చింది. తెగడం గురించి నాకు ఫిర్యాదు లేదని నేను రాసిన ఉత్తరంలో మొదటి వాక్యంలోనే చెప్పాను. అది చదవకుండానే జవాబిచ్చారు. అందుకే ఇప్పుడు మీకు వివరంగా రాస్తున్నాను.

వడకని ఉన్ని తెగుతుంది. దువ్విన పీచును సన్నని పట్టీలుగా విడదీసి, పురి పెట్టకుండానే పళ్ళెంలాగా గుండ్రంగా చుట్టి అమ్ముతారు. పురి లేని పోగుకు బలం ఎక్కడినుంచి వస్తుంది? రెండు పేటలు కలిపి, చెయ్యి బిగించకుండా అల్లుకోవాలి. తెగితే రెండు కొసలనూ కాస్త విప్పి, ఒకదానిపై ఒకటి పరిచి, తడిచేసి అరచేతుల మధ్య రుద్దితే చాలు, ముడి లేకుండా అతుక్కుంటాయి. ఉన్ని వెంట్రుకల మీద కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి. తడి, వేడి, రాపిడి తగిలినప్పుడు అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అల్లడం పూర్తయ్యాక గోరువెచ్చని నీళ్ళలో ఉతికినప్పుడు స్వెటర్ అంతటా జరిగేదీ ఇదే. సూదుల మీద ఉన్నంతసేపూ వేలు తగిలితే విడిపోయే పోగు ఆ ఉతుకు తర్వాత గట్టిపడి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో ఐస్‌లాండ్ స్త్రీలు వడికే పని మానుకుని నేరుగా ఈ ఉన్నితోనే అల్లడం మొదలుపెట్టగలిగింది ఈ గుణం వల్లనే.

మీ సరుకులో ఆ గుణం లేదు. తెగిన కొసలను ఎంత తడిపినా, ఎంత రుద్దినా జారిపోయాయి. అనుమానం వచ్చి చిన్న ముక్కను కాల్చాను. ఉన్ని కాలితే వెంట్రుకలు మాడిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలిగి పొడి అవుతుంది. మీ ముక్క కరిగి, నలగని గట్టి పూసగా మిగిలింది. అది కూడా చాలదనుకుని ఇంట్లో వాడే బ్లీచ్‌లో కొంత పీచు వేశాను. పక్కనే మరో గాజు గ్లాసులో, అదే బ్లీచ్‌లో, మా ఇంట్లోని పాత గొంగడి నుంచి తీసిన దక్కనీ గొర్రె ఉన్ని వేశాను. ఉన్ని బ్లీచ్‌లో కరిగిపోతుంది, అక్రిలిక్ అనే కృత్రిమ పీచు కరగదు. తెల్లవారేసరికి గొంగడి పీచు జాడ లేదు. మీ గ్లాసులో మాత్రం బూడిద రంగు పీచు తేలుతూనే ఉంది. రెండు గ్లాసుల ఫొటోలూ, కాల్చిన ముక్క ఫొటో, బిల్లు ప్రతి ఈ లేఖతో జతపరుస్తున్నాను.

ఇంకో విషయం. సరుకు పళ్ళేలుగా కాక బిగించి చుట్టిన ఉండలుగా వచ్చింది. పురి లేని పోగును యంత్రం మీద లాగి చుడితే అది అక్కడక్కడా సాగి సన్నబడుతుందని అమ్మేవారికి తెలిసి ఉండాలి. ఉండల మీద పీచు వివరం లేదు, తయారైన దేశం లేదు, దిగుమతిదారు పేరూ లేదు. దిగుమతి చేసిన ప్యాకెట్ సరుకుపై దేశం, దిగుమతిదారు వివరాలు ముద్రించాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) నిబంధనలు చెబుతున్నాయి. మీ పేజీలో మాత్రం ఐస్‌లాండ్ కొండల మీద గొర్రెల బొమ్మ పెద్దదిగా ఉంది. పొడవైన పై వెంట్రుక వాన నీటిని జార్చడం, లోపలి మెత్తని పీచు వెచ్చదనాన్ని పట్టి ఉంచడం, ఈ రెండూ ఆ గొర్రెల ప్రత్యేకత. ఆ ఉన్నితో అక్కడ చేత్తో అల్లే స్వెటర్ పేరుకు 2020లో ఆ దేశం చట్టరక్షణ కూడా కల్పించింది. అక్కడివాళ్ళు అంత జాగ్రత్తగా కాపాడుకునే ఉన్ని పేరు చెప్పి మీరు కల్తీ ఉండలు అమ్ముతున్నారు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టినది మీ జవాబులోని ‘మీరు గట్టిగా లాగుతున్నారు’ అన్న మాట. మీ పేజీలో ఈ ఉన్ని ‘క్రోషే నేర్చుకునేవారికి అనువైనది’ అని కూడా రాశారు. పురి లేని పోగులో క్రోషే సూది కొక్కెం మాటిమాటికీ పీచుల మధ్య దూరుతుంది. అసలైన ఉన్నితోనే అది చెయ్యి తిరిగినవారి పని. అతుక్కోని ఈ సరుకుతో కొత్తగా నేర్చుకునే అమ్మాయి ఏం చేస్తుంది? తన చేతికే పని రావడం లేదనుకుని సూది పక్కన పెట్టేస్తుంది. మీ జవాబు చదివితే ఆ అనుమానం రూఢి అవుతుంది. లోపం సరుకుది. దాన్ని కొన్నవారి చేతుల మీదికి నెట్టే ఆ జవాబును ఇకపై ఎవరికీ పంపవద్దు.

నాకు మొత్తం ధర, పంపిణీ ఖర్చు తిరిగి చెల్లించండి. మిగిలిన ఉండలను, అల్లిన భాగాన్ని మీ ఖర్చుతో తీసుకువెళ్ళి ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఫలితం నాకు పంపండి. ఆ ఫలితం వచ్చేదాకా ఆ పేజీని తీసేయండి. ఇదే సరుకు కొన్న ఇతరులకు కూడా విషయం తెలియజేయండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ లేఖ అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల లోపల పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, ఇవే ఆధారాలతో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
హైదరాబాద్

జతపరిచినవి: బిల్లు ప్రతి, ఫొటోలు, మీ కస్టమర్ కేర్ జవాబు ప్రతి.